అమ్మ కాగితం ఎలా కదిలిందంటే

నాన్న పోయాక ఫ్యామిలీ పెన్షన్ కోసం అమ్మకి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కావాల్సి వచ్చింది. గుంటూరులోనే అప్లై చేశాం. చెప్పిన గడువు దాటి నెలైనా "పైన పెండింగ్‌లో ఉందండీ" అనే మాటే. అమ్మ ఆ రసీదుని నాన్న పాస్‌బుక్‌లో దాచుకుని, రోజూ తీసి చూసేది. మడతల దగ్గర చిరుగులు పట్టాయి. అది చూస్తే నాకు కడుపు తరుక్కుపోయేది.

సేవలకి గడువు పెట్టి, దాటితే అధికారికి జరిమానా వేసే చట్టం దేశంలో మొదట మధ్యప్రదేశ్‌లో 2010లో వచ్చింది. నాకు పనికొచ్చింది మాత్రం 2005 నాటి సమాచార హక్కు చట్టం. మండల స్థాయి కాబట్టి ఫీజు 5 రూపాయలే. తెల్లకాగితం మీద మూడే అడిగాను: నా దరఖాస్తు ఏ తేదీన ఎవరికి చేరింది, ఎవరి దగ్గర ఎన్ని రోజులుంది, దాని మీద ఏం రాశారో ఆ నకలు. "ఎందుకు ఆపారు?" అని రాయకండి, రికార్డులో ఉన్నదే అడగండి. జవాబుకి వాళ్లకి 30 రోజులు. రాకపోతే మొదటి అప్పీలు. మన కాపీ మీద సీలు, తేదీ తప్పక వేయించుకోవాలి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చినప్పుడు ఆ కాపీనే జత చేశాను.

అప్పీలు దాకా వెళ్లలేదు. పన్నెండో రోజున విచారణకి ఇంటికొచ్చారు, ఆ వారంలోనే ధ్రువపత్రం చేతికొచ్చింది. అమ్మ దాన్నీ ఆ పాస్‌బుక్‌లోనే పెట్టుకుంది.