విషం నుంచి మందు – 4వ పాఠం: ఎర్రకణం పగిలిందా?

పోయిన పాఠంలో ఐసీ50 చూశాం, పరాన్నజీవి ఎదుగుదలను సగానికి తగ్గించే మోతాదు అన్నమాట. అంకె చిన్నదైతే మందు గట్టిదని అక్కడే సంబరపడిపోతాం. నేనూ పడ్డాను. కానీ మలేరియా పరాన్నజీవి కాపురం పెట్టేది మన ఎర్రకణం లోపలే. తేనెటీగ విషంలోని మెలిటిన్ ఆ కణానికే చిల్లులు పొడిచి పగలగొడుతుంది. అలా చంపితే ఏం లాభం, ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్టే కదా! అదే ట్రినిడాడ్‌లో ఉండే ఒక టరాంటులా సాలీడు విషంలో 2004లో దొరికిన 33 అమైనో ఆమ్లాల పెప్టైడ్ (అంటే బుల్లి ప్రొటీన్), పీసీఎఫ్‌కే1, ఎర్రకణాన్ని పగలగొట్టకుండానే లోపలి ఫాల్సిపారం అనే మలేరియా పరాన్నజీవిని ఆపింది, కనీసం ల్యాబ్ పాత్రలో.

ఈ తేడా ఎలా కొలుస్తారంటే, ఎర్రకణాలు కలిపిన ఉప్పునీళ్లలో విషం వేసి, కాసేపాగి, ట్యూబును సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. కణాలు బాగుంటే అన్నీ అడుగుకు చేరి పైన నీళ్లు తేటగా ఉంటాయి. పగిలితే ట్యూబంతా పుచ్చకాయ రసమే. పోల్చడానికి పక్కన ఇంకో రెండు: విషం లేని ఉప్పునీళ్లది (0%), కణాలన్నీ ఉబ్బి పగిలిపోయే డిస్టిల్డ్ వాటర్‌ది (100%).

లెక్క మీరే కట్టండి. అంకెలు నేను వేసుకున్నవే: పైనీళ్ల ఎరుపు రీడింగ్ ఉప్పునీళ్లకు 0.05, డిస్టిల్డ్ వాటర్‌కు 1.05, విషానికి 0.15. మూడోదాంట్లోంచి మొదటిది తీసేస్తే 0.10, రెండోదాంట్లోంచి తీసేస్తే 1.00. అంటే 10% కణాలు పోయాయి. ఏ మోతాదు దగ్గర పోయాయో చూడకుండా మాత్రం తీర్పు చెప్పొద్దు. ఐసీ50 దగ్గరే పోతే ఆ విషం పక్కన పెట్టేయొచ్చు, దానికి వంద రెట్లు వేస్తేగానీ పోకపోతే ముందుకెళ్లొచ్చు.

ఇంట్లో రక్తం, విషం జోలికి పోకండి, బీట్‌రూట్ చాలు. పటమట రైతుబజారులో తెచ్చిన దుంపను ముక్కలు కోసి నేను నేరుగా గ్లాసుల్లో వేసేశాను, చల్లనీళ్ల గ్లాసు కూడా ఎర్రబడింది! కోసినప్పుడు తెగిన కణాల రసం అది. కాబట్టి నీళ్లు తేటగా వచ్చేదాకా ముక్కల్ని కడిగి, ఒక గ్లాసులో చల్లనీళ్లు, ఒకదాంట్లో గోరువెచ్చనివి, ఒకదాంట్లో మరిగినవి పోసి, పది నిమిషాలాగి రంగు చూడండి. వీటిలో ఉప్పునీళ్ల ట్యూబు పని చేసేది ఏ గ్లాసో రాసిపెట్టుకోండి, వచ్చే పాఠం దాంతోనే మొదలుపెడదాం.