మూడు లక్షల పాత సెడాన్‌కి నాలుగు లక్షలు రెడీ పెట్టుకోండి

మొన్న మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేసి "అన్నా, 2012 మోడల్ సెడాన్ ఒకటి మూడు లక్షలకి వస్తోంది, తీస్కోనా" అన్నాడు. వాడుండేది కేఆర్ పురంలో, ఇంట్లో నలుగురు, పండగకి కడప పోవాలంటే బస్సు టికెట్ రేట్లు చూసి కడుపు మండి ఈ కారు ఆలోచన. తీస్కోరా, కానీ నాలుగు రెడీగా ఉంటేనే తీస్కో అన్నా. వాడికి గంటసేపు చెప్పిందే ఇక్కడ రాస్తున్నా, బెంగళూరులో ఇదే పనిలో ఉన్నోళ్లకి పనికొస్తుందని.

నాది ఇప్పుడు పదమూడేళ్ల పెట్రోల్ బండి, నాలుగేళ్ల కింద కొన్నా. అమ్మినాయన "ఒక్క రూపాయి పని లేదు సార్" అన్నాడు, నేనూ నమ్మేశా, తీరా చూస్తే ఆరు నెలల్లో నాలుగు టైర్లు, బ్యాటరీ, క్లచ్ సెట్, ముందు లోయర్ ఆర్ములు, ఏసీ కండెన్సర్, మొత్తం 86 వేలు. బండి చెడ్డదేం కాదు, ఇవన్నీ వయసుకి వచ్చే పనులే, అమ్ముదాం అనుకున్నాక ఆయన రెండేళ్లుగా దేనికీ చెయ్యి పెట్టలేదు అంతే. పాత బండి అమ్మే ప్రతి ఒక్కరూ చేసేదిదే, మనమైనా అదే చేస్తాం. కాబట్టి ఆ లక్ష మెయింటెనెన్స్ కాదు, కారు రేటులో భాగమే అనుకుని బేరం మొదలుపెట్టండి.

ఏ మోడల్ అంటే, నా ఓటు బోర్ కొట్టేవాటికే. టయోటా ఇటియోస్ మన పక్కనే బిడదిలో తయారైంది, 2010 చివర్లో వచ్చి 2020లో ఆగిపోయింది, చూడ్డానికి క్యాబ్ లాగే ఉంటుంది, మా ఆవిడైతే వద్దే వద్దంది, కానీ ఊరినిండా క్యాబ్‌లు తిరిగాయి కాబట్టి దాన్ని విప్పడం రాని మెకానిక్ ఉండడు. 2008 చివర్లో వచ్చిన హోండా సిటీ ఐవీటెక్ ఇంజన్‌లో ఉండేది టైమింగ్ చైన్, బెల్ట్ కాదు, కాబట్టి బెల్ట్ మార్చే ఖర్చు లేదు, కాకపోతే ఆ ఏళ్ల సిటీల్లో టకాటా రీకాల్ ఉంది, అంటే ఆ కంపెనీ ఎయిర్‌బ్యాగ్‌లలో లోపం ఉందని వెనక్కి పిలిచి మార్చడం, హోండా సైట్‌లో ఛాసిస్ నంబర్ కొట్టి ఆ పని అయిందా లేదా చూస్కోండి, అవ్వకుంటే కంపెనీవాళ్లు ఫ్రీగానే మారుస్తారు. 2014లో వచ్చిన సియాజ్ ఇంకొంచెం కొత్తది, వెనక కాళ్లు చాపుకునే జాగా బాగుంటుంది. కరోలా ఆల్టిస్ కూడా గట్టి బండే, కానీ ఇంజన్ 1798 సీసీ, తప్పనిసరిగా కట్టే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ప్రీమియం, 2022లో పెట్టిన రేట్ల ప్రకారం 1000 నుంచి 1500 సీసీ బండ్లకి ఏడాదికి 3416 అయితే దానికి 7897, పైన జీఎస్టీ వేరే. నెలకి వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగనోళ్లు పాత డీజిల్ జోలికి పోవద్దు, ఇంజెక్టర్లో టర్బోనో పోయిందంటే మైలేజ్‌లో మిగిలిందంతా ఒక్క బిల్లులో పోతుంది. పాత ఆటోమేటిక్ అయితే గేర్‌బాక్స్ ఆయిల్ మార్చిన బిల్లు అడగండి, సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో పదేళ్లు నలిగిన గేర్‌బాక్స్‌ని మాటల మీద నమ్మలేం.

చూడ్డానికి పొద్దున్నే పోండి, ముందు బోనెట్ మీద చెయ్యి పెట్టండి, వేడిగా ఉందంటే మనం రాకముందే స్టార్ట్ చేసి పెట్టారని అర్థం, ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తేనే చైన్ చప్పుడు, పొగ అన్నీ బయటపడేది. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతున్నట్టు, వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతున్నట్టు, హెడ్ గాస్కెట్ అనే ఇంజన్ సీల్ పోయిందేమోనని డౌట్. ఆయిల్ మూత తీసి లోపల మీగడలాగా ఏమైనా పట్టిందా చూడండి. ఏసీ ఆన్ చేసి నిలబెట్టి పదిహేను నిమిషాలు వదిలేయండి, రోడ్డు మీద చల్లగా ఉండి సిగ్నల్‌లో గాలి వేడిగా వచ్చే బండ్లు చాలా ఉంటాయి. తర్వాత గుంతలున్న రోడ్డు మీద అద్దాలు దించి నడపండి, దానికోసం ఎక్కడికో పోనక్కర్లేదు, మన ఊర్లో ఇంటి ముందే దొరుకుతుంది.

నీళ్లలో మునిగిన బండి మాత్రం ఉత్తగా ఇచ్చినా వద్దు. 2015 డిసెంబర్ చెన్నై వరదలు, 2022 సెప్టెంబర్‌లో మన బెళ్లందూరు, ఔటర్ రింగ్ రోడ్డు మునిగింది గుర్తుందిగా, అలాంటివి పాలిష్ కొట్టించుకుని పైన పటారం లోన లొటారంలా తిరుగుతుంటాయి. సీట్ బెల్ట్ చివరిదాకా లాగి చూడండి, మట్టి గీత కనపడుతుంది. డిక్కీలో స్టెప్నీ తీసి కింద తుప్పు చూడండి, కార్పెట్ కొంచెం ఎత్తి వాసన చూడండి. టైర్ మీద నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారీ, ఆరేళ్లు దాటితే గీతలు ఎంత బాగున్నా మార్చాల్సిందే, ఆ డబ్బులు రేటులో తగ్గించమని అడగండి. మీటర్ మీద కిలోమీటర్లని అసలు నమ్మొద్దు, సర్వీస్ బిల్లుల మీదున్నవే నమ్మండి.

కాగితాలు. ఆర్సీలో బ్యాంక్ లోన్ ఉంటే బ్యాంక్ ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం), లోన్ పేరు తీసేసే ఫారం 35 లేకుండా అడ్వాన్స్ కూడా ఇవ్వొద్దు. పేరు మార్పుకి ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని బీరువాలో దాచుకునే అలవాటు మనోళ్లకి ఎక్కువ, వెంటనే పేరు మార్పించుకోండి. పెండింగ్ చలాన్లు చూసి అమ్మేవాళ్ల చేతే కట్టించండి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లోపు మీ పేరుకి మార్చమని అడగండి, పాతాయన నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు, మీకు రాదు, అది మనిషిదే కానీ బండిది కాదు.

మనోళ్లు ఎక్కువ దెబ్బ తినేది మాత్రం ఇక్కడ. అనంతపురంలోనో చిత్తూరులోనో ఏపీ నంబర్ బండి యాభై వేలు తక్కువకి వస్తుంది, తెచ్చేసి ఇక్కడ తిప్పుతుంటారు. చట్టం ప్రకారం వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే అక్కడి నంబర్ వేయించుకోవాలి, అంటే అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ, ఇక్కడ లైఫ్ ట్యాక్స్. కర్ణాటకలో కొత్త కార్లకే ఆ ట్యాక్స్ 13 నుంచి 18 శాతం, పాతవాటికి వయసుని బట్టి తగ్గిస్తారు గానీ మీకు మిగిలిన యాభై వేలు దాదాపు అందులోకే పోతాయి, ఆఫీసుల చుట్టూ తిరిగేది అదనం. కేఏ నంబర్ బండే వెతుక్కోండి.

ఇంకోటి, ఆర్సీ 15 ఏళ్లే. తర్వాత ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్లకి రెన్యూవల్, ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5000 చేశారు. మావాడు చూసిన 2012 బండికి ఆ టైం దగ్గర్లోనే ఉంది, అది చెప్పి రేటు తగ్గించమన్నా.

కొన్నాక నా లెక్క ఇది: నెలకి 800 కిలోమీటర్లు, సిటీలో లీటర్‌కి 11 వస్తోంది, పెట్రోల్ వంద దాటింది కాబట్టి ఏడున్నర వేలు దానికే. సర్వీస్, ఇన్సూరెన్స్ కలిపి ఏడాదికి పాతిక వేల దాకా. ఇవి కాక నెలకి మూడు వేలు వేరే అకౌంట్‌లో వేస్తా, బండి ఏమీ అడగని ఏడాది కూడా ముట్టుకోను, ఎందుకంటే మరుసటి ఏడాది రెండేళ్లకీ కలిపి అడుగుతుంది. ఇప్పుడు ఈ20 పెట్రోల్ (20 శాతం ఇథనాల్ కలిపింది) కూడా ఉంది, మైలేజ్ కొంచెం తగ్గుతుంది, పాత బండ్ల రబ్బర్ పైపులు దానికి తగ్గట్టు చేసినవి కావు, ప్రతి సర్వీస్‌లో ఫ్యూయల్ పైపులకి పగుళ్లు ఉన్నాయేమో చూడమని చెప్పండి. మా మెకానిక్ మదనపల్లె ఆయన, లేబర్ తీస్కుని పార్ట్ మాత్రం నన్నే తెచ్చుకోమంటాడు, జేసీ రోడ్డుకి పోయి బిల్లుతో తెస్తా, బ్రేకులు, సస్పెన్షన్ పార్టులు మాత్రం చీప్‌వి తేను.

మావాడు ఆదివారం ఆరున్నరకి బండి చూడ్డానికి పోతున్నాడు, నన్నూ రమ్మన్నాడు. ఓనర్‌కి ఎనిమిదింటికి వస్తామని చెప్పమన్నా.