అణు విధాన రంగంలో ఉద్యోగ జీవితానికి సిద్ధం కావడం ఎలా

అణ్వస్త్రాల నియంత్రణ, అణు పదార్థాల రక్షణ, ఒప్పందాల అమలు వంటి అంశాలపై పనిచేయాలని కోరుకునే విద్యార్థులు సాధారణంగా ముందు అడిగేది ఏ డిగ్రీ చదవాలని. ఏ సమస్య మీద పనిచేయదలచుకున్నారో తేల్చుకుంటే ఆ ప్రశ్నకు సమాధానం చాలావరకు దానంతటదే దొరుకుతుంది. ప్రపంచంలో నేటికీ 12 వేలకు పైగా అణు వార్‌హెడ్లు (క్షిపణులు, బాంబుల్లో పేలే భాగాలు) ఉన్నాయి. అమెరికా, రష్యాలు మోహరించే వ్యూహాత్మక వార్‌హెడ్లను చెరి 1,550కి పరిమితం చేసిన న్యూ స్టార్ట్ ఒప్పందం గడువు 2026 ఫిబ్రవరి 5న తీరిపోయింది. పాత ఒప్పందాల స్థానంలో కొత్తవి రూపొందాలంటే వాటి షరతులను రాయగలిగినవారు, అవి అమలవుతున్నాయో లేదో కొలిచి చెప్పగలిగినవారు కావాలి. ఇది కేవలం దౌత్యవేత్తలతో జరిగే పని కాదు.

ఈ రంగం బయటికి ఒకటిగా కనిపించినా లోపల పనులు వేరువేరు. సైనిక వ్యూహం, నిరోధక శక్తి (ఎదురుదాడి భయంతో శత్రువును ఆపగలగడం) గురించిన అధ్యయనం ఒకటి. యురేనియం, ప్లుటోనియం దొంగల చేతికి చిక్కకుండా చూసే భౌతిక రక్షణ మరొకటి. ఎగుమతుల నియంత్రణలో న్యాయవాదులకూ కస్టమ్స్ అధికారులకూ చోటుంది. వీటన్నిటిలోకీ కొత్తవారు తమ ప్రతిభను త్వరగా నిరూపించుకోగలిగినది, నా ఉద్దేశంలో, తనిఖీ రంగం. ఒక దేశం ఇచ్చిన మాటను నిలబెట్టుకుంటున్నదా అన్న ప్రశ్నకు అక్కడ ఆధారాలతో సమాధానం చెప్పవలసి ఉంటుంది కనుక, పేరుప్రతిష్ఠలకన్నా చేసిన పనికే ఎక్కువ విలువ.

తనిఖీ అంటే ఏమిటో ఒక ఉదాహరణతో చూడవచ్చు. 1996లో సంతకాలకు సిద్ధమైన సమగ్ర అణు పరీక్షల నిషేధ ఒప్పందం, అందులో పేర్కొన్న 44 దేశాలన్నీ ఆమోదించకపోవడం వల్ల, ఇంకా అమలులోకి రాలేదు. అయినా దాని పర్యవేక్షణ వ్యవస్థ మాత్రం పనిచేస్తూనే ఉంది. భూకంప తరంగాలను, సముద్రంలోని ధ్వనిని, చెవికి వినిపించని గాలి కంపనాలను, గాలిలోని రేడియోధార్మిక కణాలను, వాయువులను అది నిరంతరం నమోదు చేస్తుంది. 2013 ఫిబ్రవరిలో ఉత్తర కొరియా జరిపిన పరీక్ష తాలూకు ప్రకంపనలు వెంటనే నమోదయ్యాయి. రేడియోధార్మిక జెనాన్ జాడ మాత్రం దాదాపు ఎనిమిది వారాల తరువాత జపాన్‌లోని తకసాకి కేంద్రంలో దొరికింది. ప్రకంపనలు పేలుడు జరిగిందని చెబుతాయి. అది అణు పేలుడేనని నిర్ధారించడానికి ఆ వాయువు తోడ్పడుతుంది. జెనాన్-133 అర్ధజీవితం, అంటే అది సగానికి తగ్గేందుకు పట్టే కాలం, అయిదు రోజులకు కాస్త ఎక్కువ మాత్రమే కాబట్టి, మిగిలిన కొద్దిపాటి జాడ ఎక్కడిదో తేల్చడానికి గాలి ఎటునుంచి ఎటు వీచిందో లెక్కగట్టే వాతావరణ శాస్త్రవేత్త కూడా ఈ పనికి అవసరమవుతాడు. భూభౌతిక శాస్త్రం, గణాంక శాస్త్రం, రసాయన శాస్త్రం చదివినవారు ఈ ఉద్యోగాలు తమవి కావని అనుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

చదువు విషయంలో నా సలహా సూటిగా ఇది. సైన్సు లేదా ఇంజనీరింగ్ నేపథ్యం ఉన్నవారు అంతర్జాతీయ చట్టాన్ని, గత అర్ధశతాబ్దపు చర్చల చరిత్రను నేర్చుకోవాలి. రాజనీతి శాస్త్రం లేదా చరిత్ర చదివినవారు అణు ఇంధన చక్రాన్ని, గని నుంచి వాడిన ఇంధనం నిల్వ వరకు, దశలవారీగా వివరించగలిగేంత అర్థం చేసుకోవాలి. సహజ యురేనియంలో, విచ్ఛిత్తికి పనికొచ్చే యురేనియం-235 వాటా 0.7 శాతమే; ఈ వాటాను పెంచడాన్నే శుద్ధి అంటారు. సాధారణ విద్యుత్ రియాక్టర్లకు 3 నుంచి 5 శాతం చాలు, ఆయుధానికి సుమారు 90 శాతం కావాలి. అయితే 90 శాతానికి చేరడానికి పట్టే మొత్తం శ్రమలో అధిక భాగం 20 శాతానికి చేరేసరికే ఖర్చయిపోతుంది. ఈ ఒక్క విషయం తెలియని వ్యక్తికి, 2015 నాటి ఇరాన్ అణు ఒప్పందంలో శుద్ధి స్థాయిని 3.67 శాతానికి, నిల్వను 300 కిలోలకు ఎందుకు కట్టడి చేశారో అర్థం కాదు.

ఆ తరువాత మూల పత్రాలను చదవాలి, వాటి గురించిన వ్యాఖ్యానాలను కాదు. 1970లో అమలులోకి వచ్చిన అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంలో ఉన్నవి 11 అధికరణాలే, ఒక్క పూటలో చదివేయవచ్చు. దాని తరువాత అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సమగ్ర రక్షణ ఒప్పందపు (అణు పదార్థం ఆయుధాలకు మళ్ళకుండా చూసే తనిఖీల ఒప్పందపు) నమూనా, ఆ తనిఖీల పరిధిని పెంచే 1997 నాటి అదనపు ప్రోటోకాల్ నమూనా చదవండి. ఏదైనా ఒక క్లాజును తీసుకుని, దాన్ని ఉల్లంఘించదలచిన దేశం ఏం చేస్తుంది, తనిఖీ అధికారి దాన్ని ఎలా పసిగడతారు, ఏ సందేహం మిగిలిపోతుంది అన్న మూడు ప్రశ్నలకు రెండు పేజీల్లో సమాధానం రాయండి. ఇటువంటి చిన్న వ్యాసాలు నాలుగైదు చేతిలో ఉంటే, దరఖాస్తుతో జతచేయడానికి డిగ్రీ పట్టాకన్నా బలమైన ఆధారం దొరికినట్టే.

బహిరంగ సమాచార విశ్లేషణ మరో ద్వారం. 2021లో అమెరికాలోని మాంటెరీకి చెందిన పరిశోధకులు వాణిజ్య ఉపగ్రహ చిత్రాలను పరిశీలించి, చైనాలోని యూమెన్ సమీపాన వందకు పైగా క్షిపణి గోతుల (భూమిలో క్షిపణులను ఉంచి ప్రయోగించే గోతుల) నిర్మాణాన్ని గుర్తించారు. యూరప్ సెంటినెల్ ఉపగ్రహాల చిత్రాలు ఉచితంగా లభిస్తాయి కనుక సాధన ఈరోజే మొదలుపెట్టవచ్చు. చిత్రంలో కనిపించినదాన్నీ, దాన్నిబట్టి మీరు ఊహించినదాన్నీ వేరువేరు వాక్యాల్లో రాసే అలవాటు మొదటినుంచీ చేసుకోవాలి, ఎందుకంటే ఈ రంగంలో ఒక తొందరపాటు నిర్ధారణ రెండు దేశాల మధ్య అనుమానాన్ని పెంచగలదు.

ప్రవేశ మార్గాల్లో వియన్నా ముఖ్యమైనది. అక్కడున్న అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఇంటర్న్‌షిప్‌లు ఇస్తుంది. అభివృద్ధి చెందుతున్న దేశాల యువ పట్టభద్రుల కోసం రక్షణ తనిఖీలలో శిక్షణ కార్యక్రమం నడుపుతుంది. అణు రంగంలో మాస్టర్స్ చదివే మహిళలకు 2020 నుంచి మేరీ స్క్లొడోవ్‌స్కా క్యూరీ పేరిట ఫెలోషిప్ అందిస్తోంది. అణు పరీక్షల నిషేధ ఒప్పందం తాలూకు సంస్థకు యువజన బృందం ఉంది. పరిశోధన వైపు మొగ్గేవారు స్టాక్‌హోంలోని శాంతి పరిశోధన సంస్థ సిప్రీ, జెనీవాలోని ఐక్యరాజ్య సమితి నిరాయుధీకరణ పరిశోధన సంస్థ ప్రకటనలను గమనిస్తూ ఉండాలి.

ప్రభుత్వ ఉద్యోగాల దారి వేరు. వాటికి పౌరసత్వం, భద్రతా అనుమతి (రహస్య సమాచారం చూసేందుకు ఇచ్చే అనుమతి) తప్పనిసరి. ఉదాహరణకు అమెరికా ఇంధన శాఖ అణు సమాచారానికి క్యూ, ఎల్ అనే రెండు స్థాయిల అనుమతులు ఇస్తుంది. ఈ పరిశీలనలో అప్పులు, విదేశీ సంబంధాలు, మాదకద్రవ్యాల వాడకం అన్నీ చూస్తారు; నెలల తరబడి పట్టవచ్చు. ఎక్కడ నివసించారు, ఎక్కడ పనిచేశారు, ఏ దేశాలకు వెళ్ళారు అన్న వివరాలను తేదీలతో సహా విద్యార్థి దశ నుంచే రాసిపెట్టుకోండి. గతంలో ఇబ్బందికరమైన విషయం ఏదైనా ఉంటే నిజం చెప్పండి. చాలా సందర్భాల్లో ఆ తప్పుకన్నా దాన్ని దాచడమే పెద్ద అడ్డంకి అవుతుంది. రహస్య సమాచారంతో పనిచేసేవారు తాము చేసిన మంచి పని గురించి బయట ఎన్నడూ చెప్పుకోలేరన్నది కూడా ముందే ఆలోచించుకోవలసిన విషయం. రాయడం, బోధించడం ఇష్టపడేవారికి విశ్వవిద్యాలయాలు, స్వతంత్ర పరిశోధన సంస్థలే నయం.

జీతభత్యాల విషయంలోనూ స్పష్టత ఉండాలి. అంతర్జాతీయ సంస్థల్లో అత్యధిక ఉద్యోగాలు నిర్ణీత కాలపు ఒప్పందాలు, పరిశోధన సంస్థల ఉద్యోగాలు విరాళాలపై ఆధారపడినవి. అందువల్ల ఇంజనీరు అయితే ఇంజనీరుగా, న్యాయవాది అయితే న్యాయవాదిగా తన అసలు వృత్తిలో నైపుణ్యాన్ని పదును తగ్గకుండా ఉంచుకున్నవారే, ఒక ఒప్పందం ముగిసి మరొకటి దొరికేలోగా ఈ రంగాన్ని వదిలిపోకుండా నిలబడగలుగుతారు.