లేయర్ 3 స్విచ్‌పై ఓఎస్‌పీఎఫ్ హలో, డెడ్ టైమర్లు మార్చడం

ఓఎస్‌పీఎఫ్ అంటే రూటర్లు, లేయర్ 3 స్విచ్‌లు (రూటింగ్ కూడా చేసేవి) దారులను ఒకదానికొకటి చెప్పుకునే ప్రోటోకాల్. ‘ఉన్నాను’ అని చెప్పడానికి పక్క స్విచ్‌కు, అంటే నైబర్‌కు, హలో ప్యాకెట్లు పంపుతుంది. డెడ్ టైమ్‌లోపు ఒక్క హలో కూడా రాకపోతే ఆ నైబర్ పోయినట్టే లెక్క. ఈ టైమర్లు ముట్టుకునే ముందు అసలు ఆ అవసరం ఉందో లేదో చూడండి. రెండు సిస్కో స్విచ్‌ల మధ్య ఫైబర్ నేరుగా ఉంటే, అది తెగగానే పోర్టు డౌన్ అవుతుంది. ఓఎస్‌పీఎఫ్ డెడ్ టైమ్ కోసం ఆగదు. చిక్కంతా మధ్యలో (రూటింగ్ చేయని) లేయర్ 2 స్విచ్‌ గానీ, ప్రొవైడర్ ఇచ్చిన ఈథర్నెట్ లింకు గానీ ఉన్నప్పుడే. అవతల ఎక్కడో తెగినా ఇవతలి పోర్టు అప్‌లోనే ఉంటుంది. ఎస్‌వీఐ (ఒక వీల్యాన్‌కు, అంటే స్విచ్‌లో విడిగా కట్టిన వర్చువల్ నెట్‌వర్క్‌కు, ఉండే లేయర్ 3 ఇంటర్‌ఫేస్) సంగతీ ఇంతే: ఆ వీల్యాన్‌లో ఒక్క పోర్టు అప్‌లో ఉన్నా అది డౌన్ కాదు. అలాంటి చోట డీఫాల్ట్ డెడ్ టైమ్ 40 సెకన్లు గడిచేదాకా ట్రాఫిక్ పోతూనే ఉంటుంది.

బ్రాడ్‌కాస్ట్, పాయింట్-టు-పాయింట్ ఇంటర్‌ఫేస్‌లపై డీఫాల్ట్ హలో 10 సెకన్లు, డెడ్ 40. దీన్ని 5, 20కి తగ్గించాలంటే:

ఇంటర్‌ఫేస్ వీల్యాన్ 10
ఐపీ ఓఎస్‌పీఎఫ్ హలో-ఇంటర్వెల్ 5
ఐపీ ఓఎస్‌పీఎఫ్ డెడ్-ఇంటర్వెల్ 20

హలో ఒక్కటే మార్చినా డెడ్ దానంతటదే నాలుగు రెట్లకు సర్దుకుంటుంది. అయినా రెండూ రాయడమే మంచిది. కాన్ఫిగ్ చూసినవాళ్లు లెక్క కట్టుకోనక్కర్లేదు. ఈఐజీఆర్‌పీ అనే మరో రూటింగ్ ప్రోటోకాల్‌లో రెండు వైపులా టైమర్లు వేరుగా ఉన్నా నడుస్తుంది. ఓఎస్‌పీఎఫ్‌లో హలో, డెడ్ రెండూ కలవకపోతే నైబర్‌షిప్పే ఉండదు.

అందుకే రిమోట్‌గా చేసేటప్పుడు వరస ముఖ్యం. ముందు దూరపు స్విచ్, తర్వాత దగ్గరిది. తిరగేస్తే, మార్చాల్సిన స్విచ్‌కే దారి మూసుకుపోవచ్చు. రెండింటి కమాండ్లూ నోట్‌ప్యాడ్‌లో సిద్ధం చేసుకుని, వెంటవెంటనే పేస్ట్ చేయండి. దూరపు స్విచ్‌లో ముందుగా రన్నింగ్ కాన్ఫిగ్ సేవ్ చేసి, ‘రీలోడ్ ఇన్ 10’ ఇవ్వండి. లింకు పోయినా పది నిమిషాల్లో అది పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. అంతా బాగుంటే ‘రీలోడ్ క్యాన్సిల్’ కొట్టి, అప్పుడు సేవ్ చేయండి. క్యాన్సిల్ మర్చిపోయారా, స్విచ్ రీస్టార్టే!

తర్వాత ‘షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ నైబర్’ చూడండి. డెడ్ టైమ్ కాలమ్ 20 నుంచి దిగుతూ, 15 దగ్గరకు రాగానే మళ్లీ 20కి ఎగరాలి. 10 కిందకి జారుతోందంటే హలోలు దారిలో పోతున్నట్టు. నైబర్ అసలు కనిపించకపోతే ‘డీబగ్ ఐపీ ఓఎస్‌పీఎఫ్ హలో’ పెట్టండి. మిస్‌మ్యాచ్ ఉంటే ఇలా వస్తుంది:

డెడ్ ఆర్ 40 సీ 20, హలో ఆర్ 10 సీ 5

‘ఆర్’ అంటే అవతలి నుంచి వచ్చింది, ‘సీ’ అంటే ఇక్కడ పెట్టింది. నైబర్ కనిపిస్తూనే ఎక్స్‌స్టార్ట్‌లో (రూటింగ్ సమాచారం మార్పిడి మొదలయ్యే దశలో) ఇరుక్కుంటే మాత్రం టైమర్లను వదిలేసి ఎంటీయూ (ఇంటర్‌ఫేస్ పంపగల ప్యాకెట్ గరిష్ఠ సైజు) రెండు వైపులా కలుస్తోందో లేదో చూడండి.

ఎంతవరకు తగ్గించొచ్చు? ‘డెడ్-ఇంటర్వెల్ మినిమల్ హలో-మల్టిప్లయర్ 4’ ఇస్తే డెడ్ 1 సెకను, హలో 250 మిల్లీసెకన్లు. కానీ హలోలను చూసేది స్విచ్ సీపీయూ. పదుల ఎస్‌వీఐలపై ఇలా పెడితే, సీపీయూ కాస్త బిజీ కాగానే బాగున్న లింకుల మీదా నైబర్లు పడిపోతారు. సెకనులోపు పసిగట్టాలంటే టైమర్లను డీఫాల్ట్‌లో ఉంచి బీఎఫ్‌డీ (లింకు పోయిందని త్వరగా పసిగట్టే విడి ప్రోటోకాల్) వాడటమే మేలు: 300 మిల్లీసెకన్లు, మల్టిప్లయర్ 3 పెడితే 900 మిల్లీసెకన్లలో తెలిసిపోతుంది. రెండు సూపర్‌వైజర్లతో (స్విచ్‌ను నడిపే కంట్రోల్ కార్డులతో) ఎన్‌ఎస్‌ఎఫ్ (ఒకటి పోయి రెండోది అందుకునేటప్పుడు ట్రాఫిక్ ఆగకుండా చూసే సదుపాయం) నడిచే స్విచ్‌లో ఇలాంటి సెకనులోపు ఫాస్ట్ హలో జోలికే పోవద్దు. స్విచ్‌ఓవర్ పూర్తయ్యేలోపే అవతలి వాళ్లు నైబర్‌ను తీసేస్తారు, ఎన్‌ఎస్‌ఎఫ్ ఉండీ లేనట్టే.