రిటైరయ్యాక చలికాలం ఆర్వీలో దక్షిణాన గడపాలంటే ఖర్చు లెక్క ఎలా వేసుకోవాలి?

అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో ఏటా అక్టోబరు చివర్లో ఓ వలస మొదలవుతుంది. మిషిగన్, మిన్నెసోటా, ఒహాయోల నుంచి, అటు కెనడా నుంచి రిటైరైన దంపతులు ఆర్వీలు (లోపలే వంటగది, పడక, బాత్రూమ్ ఉండే బండ్లు) వేసుకుని అరిజోనా, టెక్సాస్, ఫ్లోరిడాల వైపు బయల్దేరతారు. మంచు కరిగాక ఏప్రిల్‌లో వెనక్కి వస్తారు. వీళ్లను స్నోబర్డ్స్ అంటారు. డెబ్బైల్లో, ఎనభైల్లో డెట్రాయిట్, షికాగో వైపు వచ్చి స్థిరపడిన మన తెలుగువాళ్లు కూడా ఇప్పుడు ఆ వయసులోనే ఉన్నారు. మోకాళ్లు సహకరించక, వాకిట్లో మంచు ఎత్తిపోయడం కష్టమైనప్పుడు ఈ ఆలోచన వస్తుంది. ఆ వెంటనే ఇంకో ప్రశ్న: పెన్షన్ డబ్బుతో ఇది మనవల్ల అవుతుందా?

చాలామందికి అవుతుంది. అయితే షోరూమ్‌లో బండి ధర చూసి అవుననో కాదనో తేల్చేయకండి. మీరు కనుక్కోవాల్సింది ఒక్కటే: ఇంట్లోనే ఉండిపోతే అయ్యే ఖర్చు కంటే ఒక చలికాలానికి అదనంగా ఎంత పడుతుంది? దాన్ని ఇలా తేల్చుకోండి.

1. ఇల్లు తినే డబ్బు ముందు రాసుకోండి

మీరు లేకపోయినా ఇంటి పన్ను, ఇన్సూరెన్స్, అసోసియేషన్ ఫీజు ఆగవు. తగ్గేది హీటింగ్ బిల్లు, కాస్త కరెంటు, మంచు తీసేవాళ్లకిచ్చే డబ్బు మాత్రమే. అంటే ఐదు నెలల పాటు రెండు కాపురాల ఖర్చు మోయాలి. ఇంటి మీద ఇంకా అప్పుంటే, అది తీరేదాకా బండి కొనే ఆలోచన వాయిదా వేయమనే చెబుతాను.

2. ఒక చలికాలానికి లెక్క కట్టండి

డెట్రాయిట్ దగ్గరుండే దంపతులను ఉదాహరణగా తీసుకుందాం. వాడిన క్లాస్ సీ మోటర్‌హోమ్ (వ్యాన్ చాసిస్ మీద కట్టిన మధ్యస్థ సైజు ఆర్వీ) ఒకటి 45,000 డాలర్లకు కొన్నారు, ఐదు చలికాలాల తర్వాత 30,000కు అమ్మారు అనుకుందాం. తరుగుదల ఏడాదికి 3,000. అరిజోనా పడమటి కొసకు రానుపోను సుమారు 4,200 మైళ్లు. వెనక చిన్న కారు కట్టుకుని వెళితే గ్యాలనుకు 8 మైళ్లు వచ్చిందనుకుంటే 525 గ్యాలన్లు, గ్యాలన్ మూడున్నర డాలర్ల చొప్పున 1,840. ఆర్వీలు నిలుపుకునే పార్కులో స్థలం అద్దె నెలకు 700 చొప్పున ఐదు నెలలకు 3,500. మీటరు కరెంటు 500. ఇన్సూరెన్స్ 1,000. టైర్లు, రిపేర్లకు 1,500 పక్కన పెట్టాలి. మొత్తం 11,340. ఇంటి దగ్గర మిగిలే 800 తీసేస్తే దాదాపు పదిన్నర వేలు, అంటే నెలకు 2,100 డాలర్లు అదనం.

ఇవి నేను వేసుకున్న అంకెలు. వీటి స్థానంలో మీ అంకెలు పెట్టుకోండి. పెట్టాక ఒక సంగతి గమనిస్తారు. అందరూ భయపడే పెట్రోలు ఇందులో ఆరో వంతు కూడా లేదు. అసలు భారం బండి విలువ పడిపోవడం, స్థలం అద్దె. ఇదే జంట 1,20,000 పెట్టి కొత్త బండి కొని, ఐదేళ్లకు 65,000కు అమ్మితే తరుగుదలే ఏడాదికి 11,000. లోన్ తీసుకుంటే వడ్డీ దాని మీద అదనం. ఆర్వీలకు పదిహేను, ఇరవై ఏళ్ల లోన్లు దొరుకుతాయి, నెల వాయిదా చిన్నగా కనిపిస్తుంది. అరవై ఎనిమిదేళ్ల మనిషి ఇరవై ఏళ్ల లోన్ మీద సంతకం పెట్టకూడదు. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

వచ్చిన అంకెను మీ సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వం ఇచ్చే పెన్షన్), కంపెనీ పెన్షన్, రిటైర్‌మెంట్ ఖాతాల నుంచి తీసే డబ్బుతో పోల్చండి. అదే ఊళ్లో సామాన్లున్న అపార్ట్‌మెంట్ ఐదు నెలలకు ఎంతకు దొరుకుతుందో కూడా అడగండి. అది చవకైతే, తిరగాలన్న సరదా లేకపోతే, ఆర్వీ అక్కర్లేదు.

3. ఎక్కడ దిగాలో తేల్చుకోండి

ఖర్చు ఎక్కువగా తగ్గేది ఇక్కడే. తరచూ ఊరు మారేవాళ్లకు రోజువారీ అద్దెలు, పెట్రోలు కలిపి తడిసి మోపెడవుతుంది. ఒకే పార్కులో సీజన్ అంతా ఉంటే అద్దె బాగా తగ్గుతుంది. అన్నిటికంటే చవక, ఫెడరల్ ప్రభుత్వ భూముల శాఖ బీఎల్‌ఎం నడిపే లాంగ్ టర్మ్ విజిటర్ ఏరియాలు, అంటే నెలల తరబడి ఆర్వీ నిలుపుకోనిచ్చే స్థలాలు. అరిజోనాలో క్వార్ట్‌సైట్ పక్కన లా పోసా, కాలిఫోర్నియా వైపు యూమా దగ్గర ఇంపీరియల్ డ్యామ్ ప్రసిద్ధమైనవి. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఏడు నెలలకు పర్మిట్ ఏళ్ల తరబడి 180 డాలర్లు ఉండేది. ఇప్పటి ధర బయల్దేరే ముందు బీఎల్‌ఎం ఆఫీసులో అడిగి తెలుసుకోండి. మామూలు బీఎల్‌ఎం భూముల్లో అయితే ఒకచోట 14 రోజులే ఉండనిస్తారు.

చవక అంటే ఊరికే రాదు. మీ స్థలానికి కరెంటు, నీళ్లు ఉండవు. సోలార్ పలకలు, బ్యాటరీలు మీవే. నీళ్లు ట్యాంకులో తెచ్చుకోవాలి, మురుగు ట్యాంకు డంప్ స్టేషన్‌కు (మురుగు పారబోసే చోటు) తీసుకెళ్లి ఖాళీ చేయాలి. ఎడారిలో పగలు హాయిగా ఉన్నా, జనవరి రాత్రుళ్లు బాగా చలి. ఆరోగ్యం గట్టిగా ఉన్నవాళ్లకు ఇది బాగుంటుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లు ఆసుపత్రి దగ్గరున్న ఊరి పార్కే చూసుకోవాలి.

62 దాటిన పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు జీవితకాలపు సీనియర్ పాస్ 80 డాలర్లకు కొనుక్కోవచ్చు. జాతీయ పార్కుల్లో ప్రవేశ రుసుము ఉండదు, చాలా ఫెడరల్ క్యాంపుల్లో అద్దె సగమవుతుంది. దారిలో మజిలీలకే ఆ డబ్బు తిరిగొచ్చేస్తుంది.

గుడి, మనవాళ్ల పలకరింపు కావాలనుకునేవాళ్లు ఫీనిక్స్ వైపు చూడొచ్చు. చాండ్లర్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి, మారికోపాలో మహాగణపతి ఆలయం ఉంది. హ్యూస్టన్ పక్కన పియర్‌లాండ్‌లో మీనాక్షి గుడి ఉంది. సంక్రాంతికి ఒంటరిగా ఎడారిలో ఉండటం అందరికీ నప్పదు.

4. ఆరోగ్య బీమా సరిచూసుకోండి

మెడికేర్ అంటే ముఖ్యంగా 65 దాటినవాళ్లకు ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా. ప్రభుత్వమే నేరుగా నడిపే ఒరిజినల్ మెడికేర్ ఉంటే, దాన్ని తీసుకునే డాక్టరు దగ్గరికి దేశంలో ఎక్కడైనా వెళ్లొచ్చు. ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్లు అలా కాదు. వాటికి ఓ ప్రాంతం, ఓ నెట్‌వర్క్ (ప్లాన్‌తో ఒప్పందం ఉన్న డాక్టర్లు, ఆసుపత్రులు) ఉంటాయి. అత్యవసర వైద్యం ఎక్కడైనా కవర్ అవుతుంది గానీ, మామూలు చెకప్‌కు, ఫిజియోథెరపీకి ఇబ్బంది పడతారు. ఏటా అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 దాకా ప్లాన్ మార్చుకునే గడువు. మార్పు అమల్లోకి వచ్చేది జనవరి 1 నుంచి. కాబట్టి ఈ పని ప్రయాణానికి ఏడాది ముందే ఆలోచించుకోండి. అడ్వాంటేజ్ నుంచి ఒరిజినల్‌కు మారినప్పుడు మెడిగ్యాప్ పాలసీ (ఒరిజినల్ మెడికేర్ పోను మనమీద పడే వాటాను భరించే ప్రైవేటు బీమా) చాలా రాష్ట్రాల్లో ఆరోగ్య ప్రశ్నలు అడగకుండా ఇవ్వరు. అది చేతికొచ్చాకే పాతది వదలండి.

పిల్లల దగ్గరికి గ్రీన్ కార్డు మీద వచ్చిన తల్లిదండ్రులకు ఇంకో చిక్కు. అమెరికాలో తాము గానీ, జీవిత భాగస్వామి గానీ చాలినన్నాళ్లు పనిచేయకపోతే, 65 దాటినా ఐదేళ్లు వరసగా నివాసం ఉన్నాకే మెడికేర్ కొనుక్కునే వీలు. అందాకా ప్రైవేటు ప్లాన్ వేరే రాష్ట్రంలో పనిచేస్తుందో లేదో కనుక్కోకుండా కదలొద్దు.

కెనడా నుంచి వచ్చేవాళ్లకు రోజుల లెక్కే ప్రాణం. ఒంటారియో వాళ్లు ఏ పన్నెండు నెలల్లోనైనా 153 రోజులు సొంత ప్రావిన్సులో ఉంటేనే ప్రభుత్వ వైద్య బీమా నిలుస్తుంది. అమెరికా ఆసుపత్రి బిల్లులో ఆ బీమా ఇచ్చేది నామమాత్రం. ట్రావెల్ మెడికల్ ఇన్సూరెన్స్ వయసుతో పాటు పెరుగుతుంది, కాబట్టి దాన్ని పైన చెప్పిన లెక్కలో విడిగా ఒక వరుసగా రాసుకోండి.

5. కొనేముందు అద్దెకు తీసుకోండి

ఒక నెల అద్దె ఎక్కువే అనిపిస్తుంది. అయినా ఇవ్వండి. రెండొందల చదరపుటడుగుల్లో ఇద్దరూ ఎలా సర్దుకుంటారో, రాత్రి లేచి బాత్రూమ్‌కు వెళ్లడం కుదురుతుందో, పెద్ద బండిని వెనక్కి నడపడం టెన్షన్ లేకుండా వస్తుందో ఈ నెలలోనే తెలుస్తుంది. ఇద్దరిలో ఒక్కరికే డ్రైవింగ్ వస్తే, రెండోవారు కూడా అప్పుడే నేర్చుకోవాలి. దారిలో ఒకరికి ఒంట్లో బాగోకపోతే బండిని ఊరు చేర్చాల్సింది రెండోవారే.

వంట కూడా ఇక్కడే తేలుతుంది. 30 ఆంపుల కనెక్షన్‌కు మొత్తం 3,600 వాట్లే వస్తాయి. హీటరు నడుస్తుండగా రైస్ కుక్కరు, మిక్సీ, మైక్రోవేవ్ అన్నీ వేస్తే కరెంటు ట్రిప్ అవుతుంది. రోజూ రెండు కూరలు, పులుసు వండే ఇంటికి 50 ఆంపుల బండి, అలాంటి స్థలం వెతుక్కోవడం మేలు.

6. పాత బండిని పరీక్షించి కొనండి

నీటి లీకేజీ ఆర్వీకి చెదపురుగు లాంటిది. పైకప్పు అంచులు, కిటికీల కింద గోడలు నొక్కి చూడండి, మెత్తగా తగిలితే వదిలేయండి. టైరు మీద చివరి నాలుగంకెలు అది తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. అరుగుదల లేకపోయినా ఆరేడేళ్లు దాటితే మార్చేయాలి, ఆ ఖర్చు బేరంలో తగ్గించమని అడగండి. స్వతంత్ర ఇన్‌స్పెక్టరుకు ఇచ్చే కొన్ని వందల డాలర్లు దండగ కాదు. పదేళ్లు దాటిన బండ్లను కొన్ని పార్కులు రానివ్వవు, ముందే ఫోన్ చేసి అడగండి.

7. ఇంటికి తాళం వేసే ముందు

మెయిన్ దగ్గర నీళ్లు కట్టేసి పైపులు ఖాళీ చేయించండి, థర్మోస్టాట్ 55 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంచండి. ఇంట్లో ఎవరూ లేకుండా 30 లేదా 60 రోజులు దాటితే కొన్ని నష్టాలకు చాలా పాలసీలు డబ్బివ్వవు. ఇన్సూరెన్స్ ఏజెంటుకు ముందే చెప్పి, జవాబు రాతలో తీసుకోండి. వారానికోసారి లోపలికి వెళ్లి చూసే మనిషి ఒకరుండాలి.

డిసెంబరులో అరిజోనాకు వెళ్లేవాళ్లు ఐ-40 హైవే పట్టుకుంటే ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర దాదాపు ఏడు వేల అడుగుల ఎత్తులో మంచు ఎదురవుతుంది. టెక్సాస్ మీదుగా ఐ-20, ఐ-10 పట్టుకోండి. మైళ్లు కొన్ని ఎక్కువైనా ఆ పెట్రోలుకు వెనకాడొద్దు.