‘విషజ్వరం’ అని రాసే ముందు

కర్నూలులో పద్దెనిమిదేళ్లుగా పత్రిక డెస్కులో ఉన్నాను. నాలుగు వానలు పడితే చాలు, మండలాల నుంచి మొదట ఏ ఐటమ్ వస్తుందో చూడకుండానే చెప్పగలను: ‘విషజ్వరాలతో మంచం పట్టిన పల్లె’. కొత్తగా చేరిన విలేకరులతో ముందు ఆ మాటే మాన్పిస్తాను. విషజ్వరం అనే జబ్బు ఏ డాక్టరూ చీటీ మీద రాయడు. మలేరియానా, డెంగీనా, టైఫాయిడా? తేలకపోతే ‘జ్వరాలు’ అనండి, చాలు.

ఆ తర్వాత లెక్క. ‘ఊరంతా’ అని రాయొద్దు. ఆశా కార్యకర్తను అడగండి, ఎన్ని ఇళ్లు తిరిగింది, ఎంతమందికి జ్వరం, ఎప్పటి నుంచి అని. నలభై ఇళ్లలో ఆరుగురు వేరు, నాలుగొందల ఇళ్లలో ఆరుగురు వేరు.

డెంగీ దగ్గర మాత్రం కాస్త ఆగండి. ల్యాబులో నిమిషాల్లో చేసే కార్డు టెస్టు పాజిటివ్ వస్తే అది అనుమానం మాత్రమే. నిర్ధారణకు ఎలైజా అనే రక్తపరీక్ష కావాలి. జ్వరం వచ్చిన అయిదు రోజుల్లోపు అయితే వైరస్ ప్రొటీన్‌ను పట్టే ఎన్‌ఎస్‌1, ఆ తర్వాత ఒంట్లో పుట్టే యాంటీబాడీలను పట్టే ఐజీఎం. ప్లేట్‌లెట్లు వేరే జ్వరాల్లోనూ పడిపోతాయి. కాబట్టి రిపోర్టు చేతికి తీసుకుని ఏ టెస్టు, ఏ తేదీ, జ్వరం ఎన్నో రోజు అన్నది చూడండి. నాకు ఫొటో పంపేటప్పుడు రోగి పేరు మీద వేలు పెట్టండి.

ఇది నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నది. ఒక రాత్రి పదకొండున్నరకు, పేజీ వదిలే వేళ, పత్తికొండ వైపు నుంచి ‘డెంగీతో బాలుడి మృతి’ అని వచ్చింది. ఎవరు చెప్పారంటే బంధువు అన్నారు. హెడ్డింగ్ అట్లే వదిలేశాను. తెల్లారేసరికి ఆ వీధివాళ్లు ఒంట్లో బాగున్న పిల్లల్ని కూడా ఆటోల్లో వేసుకుని ల్యాబుకు పరుగు. నాలుగు రోజులకు ఎలైజా నెగెటివ్. సవరణ మూడు లైన్లు, లోపలి పేజీలో, టెండరు ప్రకటన కింద. ఎవరు చూశారు? ఇప్పుడు ‘డెంగీ లక్షణాలతో’ అనే దొంగమాట కూడా పోనివ్వను. ‘జ్వరంతో చనిపోయాడు, కారణం తేలాల్సి ఉంది’ అని రాసి, ఇంటివాళ్ల మాట, జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌ఓ) మాట విడివిడిగా ఇవ్వండి. తప్పు ఏ పేజీలో పడితే సవరణా అక్కడే.

అనంతపురం ఫ్లోరైడ్ నీళ్ల వార్తకూ ఇదే పద్ధతి. ‘ప్రమాదకర స్థాయి’ అనకుండా లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో రాయండి. భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) పరిమితి 1, వేరే నీళ్లు లేనిచోట 1.5.

‘ముప్పు సగం తగ్గించే మందు’ అని ప్రెస్‌నోట్ వస్తే, ఎంతలో సగమో అడగండి. వెయ్యిమందిలో ఇద్దరికి వచ్చేది ఒకరికి వచ్చినా సగమే మరి.

‘షుగరు పూర్తిగా నయం’ అని యాడ్స్‌వాళ్లు తెచ్చే ఐటమ్ నాకు పంపొద్దు. అలాంటి ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది. ఆత్మహత్య వార్తలో పురుగుమందు పేరు, తాగిన తీరు వద్దు. కింద ప్రభుత్వ మానసిక సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 వేయండి.

వార్డులో ఫొటో తీసే ముందు అడగండి. సెలైన్ ఎక్కుతున్న మనిషి మిమ్మల్ని చూసి తల ఊపితే ఒప్పుకున్నట్టు కాదు. మానసిక వైద్యశాలలో అయితే 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం రోగి అనుమతి తప్పనిసరి.

రాత్రి ఫోన్ చేసి ‘ఆ రిపోర్టు ఏదీ?’ అంటే విసుక్కోకండి. దొరక్కపోతే రేపటి పేజీలో వేద్దాం.