బెంటన్‌విల్ వస్తున్నారా? సామాను సర్దే ముందు ఇది చదవండి

ఆఫర్ లెటర్‌లో వాల్‌మార్ట్ హెడ్ ఆఫీసు ఉండే బెంటన్‌విల్, ఆర్కాన్సా అని చూడగానే ఎవరైనా ముందు చేసే పని మ్యాప్ తెరవడం. తొమ్మిదేళ్ల క్రితం నేనూ అదే చేశాను. డల్లస్ ఐదు గంటలు, కాన్సాస్ సిటీ మూడున్నర, తల్సా రెండు. మిగతాదంతా పచ్చరంగు. ఇంట్లో చెబితే మా అత్తగారు ఒకటే అడిగారు: "అక్కడ మనవాళ్లున్నారా బాబూ?"

ఉన్నారు. మీరు అనుకున్నదానికంటే ఎక్కువే ఉన్నారు. కానీ ఈ ఏడాది బతుకమ్మ దగ్గర పక్కన నిలబడినవాళ్లు వచ్చే ఏడాది కనిపించకపోవచ్చు. ఈ ఊరి స్వభావమే అంత. ఇల్లు, కారు, స్కూలు, స్నేహాలు ఏది ఆలోచించినా ఆ స్వభావాన్ని లెక్కలో పెట్టుకోవాలి. అందుకే ఇండియన్ స్టోర్ ఎక్కడుందో చెప్పే ముందు, జనం ఇక్కడికి ఎందుకొస్తారో, ఎందుకు వెళ్లిపోతారో చెబుతాను.

అన్నట్టు, రాష్ట్రం పేరులో చివరి 'స్' పలకరు. 1881లో చట్టసభ దీనిమీద ఏకంగా తీర్మానమే చేసింది. మనం ఆర్కాన్సాస్ అంటే ఎవరూ తప్పు పట్టరు గానీ, మనం ఊరికి కొత్త అని మాత్రం వెంటనే తెలిసిపోతుంది.

ఒకే రాష్ట్రం, రెండు కథలు

2020 జనాభా లెక్కల్లో ఆర్కాన్సా జనం 30 లక్షల 11 వేలు. అంతకుముందు పదేళ్లలో రాష్ట్రం మొత్తం మీద జనాభా కాస్త పెరిగింది. కానీ ఉన్న 75 కౌంటీల్లో 53 కౌంటీలకు జనం తగ్గారు. పెరుగుదలలో ఎక్కువ భాగం మీరు రాబోతున్న ఈ వాయవ్య మూలకే దక్కింది.

తూర్పున మిసిసిపీ నది పక్కనున్నది డెల్టా. ఒకప్పుడు అక్కడ పత్తే ప్రాణం. సొంత భూమి లేక పాలుకు చేసుకునే కుటుంబాలు, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ, వేలల్లో ఉండేవి. 1930ల్లో కరువు, అప్పులు తరిమితే చాలామంది కాలిఫోర్నియా దారి పట్టారు. అక్కడివాళ్లు వీళ్లను 'ఆర్కీలు' అని ఈసడించేవారు. తర్వాత ట్రాక్టర్లు, పత్తి ఏరే యంత్రాలు వచ్చి మనుషుల పని లేకుండా చేశాయి. నల్లజాతివాళ్లకు పని పోవడం ఒక్కటే కాదు, వాళ్లను తెల్లవాళ్ల నుంచి వేరుగా ఉంచే జిమ్ క్రో చట్టాల కింద బతకడం కూడా భరించలేని సంగతి. వాళ్లు సెయింట్ లూయిస్, షికాగో, డెట్రాయిట్ వెళ్లిపోయారు. 1940లో 19 లక్షల 49 వేలున్న రాష్ట్ర జనాభా 1960 నాటికి 17 లక్షల 86 వేలకు పడిపోయింది.

కాస్త కుదురుకున్నాక ఒక్కసారైనా రాష్ట్రం తూర్పు వైపున్న స్టట్‌గార్ట్ అనే ఊరి వైపు కారేసుకుని వెళ్లిరండి. మాది తెనాలి పక్క పల్లె, అందుకే నాకు ఆ దారి మరీ ఇష్టం. అమెరికాలో పండే వడ్లలో దాదాపు సగం ఈ రాష్ట్రానివే. కంటికి ఆనినంత మేర వరిచేలు, నేల వాలును బట్టి పాముల్లా మెలికలు తిరిగే గట్లు. నీళ్ల వాసన కూడా మన కృష్ణా కాలువల దగ్గర వచ్చే వాసనలాగే అనిపించింది. చేలో మనిషి మాత్రం కనపడడు. నాట్లు లేవు, కోత కూలీలు లేరు, అన్నం క్యారేజీలు లేవు. ఎక్కడో దూరంగా ఒక కంబైన్ తిరుగుతూ ఉంటుంది. అద్దాలు పగిలిన దుకాణాలు, మూసేసిన బడి దాటుకుంటూ వెళతాం. పంట ఉండి ఊరు లేకుండా పోవడమంటే ఏంటో నాకు అక్కడ అర్థమైంది.

మన వైపున్నవి ఓజార్క్ కొండలు. రాళ్ల నేల. ఒకప్పుడు ఆపిల్ తోటలు, ఆ తర్వాత కోళ్ల ఫారాలు. సామ్ వాల్టన్ 1950లో బెంటన్‌విల్ కూడలిలో చిల్లర సరుకుల కొట్టు పెట్టాడు. వాల్‌మార్ట్ పేరుతో మొదటి స్టోర్ 1962లో పక్కనే ఉన్న రోజర్స్‌లో తెరిచాడు. స్ప్రింగ్‌డేల్‌లో టైసన్ కోళ్ల కంపెనీ, లోవెల్‌లో జె.బి. హంట్ లారీల కంపెనీ పెరిగి పెద్దవయ్యాయి. వాల్‌మార్ట్‌కు సరుకు అమ్మాలంటే ఇక్కడ ఒక ఆఫీసు ఉండాల్సిందేనని పెద్ద పెద్ద బ్రాండ్లన్నీ వచ్చి దిగాయి. 1998లో కొత్త ఎయిర్‌పోర్టు వచ్చింది. బెంటన్‌విల్ జనాభా 2000లో 19,730 ఉంటే 2020కల్లా 54,164 అయింది.

వచ్చింది మనమొక్కళ్లమే కాదు. కోళ్ల ఫ్యాక్టరీల్లో పనికి మెక్సికో, ఎల్ సాల్వడార్ నుంచి వచ్చినవాళ్లున్నారు. పసిఫిక్‌లోని మార్షల్ దీవులవాళ్లు అమెరికా ప్రధాన భూభాగంలో అందరికంటే ఎక్కువగా ఉండేది స్ప్రింగ్‌డేల్‌లోనే. వాళ్ల దేశానికీ అమెరికాకూ ఉన్న ఒప్పందం వల్ల వాళ్లకు వీసా అక్కర్లేదు. హెచ్1బి వర్క్ వీసా స్టాంపింగ్ టెన్షన్‌లో ఉన్నప్పుడు వాళ్లను చూసి కొంచెం కుళ్లుకున్నాను, ఒప్పుకుంటాను. కానీ వాళ్ల దీవుల మీద అమెరికా 1946 నుంచి 1958 దాకా అణుబాంబులు పరీక్షించిందని చదివాక ఆ కుళ్లు పోయింది.

మనవాళ్లు ఎందుకు వెళ్లిపోతారు

చలి అనో, ఊళ్లో ఏమీ లేదనో చెబుతారు. అసలు కారణం అది కాదు. ఈ ఊళ్లో అందరి జీతాలూ ఒకే చెట్టు కొమ్మలకు వేలాడుతుంటాయి. మీరు వాల్‌మార్ట్‌లో ఫుల్‌టైమ్ కావచ్చు, వెండర్ తరఫున కాంట్రాక్టర్ కావచ్చు, సప్లయర్ ఆఫీసులో అనలిస్ట్ కావచ్చు. గాలి వీస్తే అందరూ ఒకేసారి ఊగుతారు. డల్లస్‌లో ప్రాజెక్టు అయిపోతే అదే ఇంట్లో ఉంటూ ఇంకో క్లయింట్‌ను వెతుక్కోవచ్చు. ఇక్కడ ఆ అవకాశాలు తక్కువ. హెచ్1బి మీద ఉద్యోగం పోతే ఉండనిచ్చేది ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. ఆ 60 రోజుల్లో ఉద్యోగం వెతుక్కోవాలి, ఇల్లు ఖాళీ చేయాలి, పిల్లల్ని స్కూలు మార్పించాలి. ఇలా వెళ్లిన కుటుంబాలను ఎన్నింటినో సాగనంపాను.

అదే చెట్టు జనాన్ని లాక్కొస్తుంది కూడా. 2024 మేలో డల్లస్, అట్లాంటా, టొరంటో ఆఫీసుల్లో పనిచేసే చాలామందిని హెడ్ ఆఫీసుకో, మరో పెద్ద ఆఫీసుకో మారమని వాల్‌మార్ట్ చెప్పింది. డల్లస్ పక్కనున్న ఫ్రిస్కోలో ఇల్లు కొనుక్కుని స్థిరపడ్డ మనవాళ్లు కొందరు అలా మనసు లేకుండానే వచ్చారు. సగం మనసు ఇప్పటికీ అక్కడే.

రెండో కారణం భార్యాభర్తల్లో ఒకరి కెరీర్. ఆఫర్ వచ్చినవాళ్లకు ఊరు బాగానే ఉంటుంది, వెంట వచ్చినవాళ్లకే కష్టం. హెచ్4 మీద, అంటే హెచ్1బి వాళ్ల వెంట వచ్చే వీసా మీద ఉన్నవాళ్లకు వర్క్ పర్మిట్ రావాలంటే, మామూలుగా అవతలివాళ్ల ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయి ఉండాలి. పర్మిట్ వచ్చినా రిటైల్, సప్లై చెయిన్, ఐటీ కాకుండా వేరే లైన్ అయితే తలుపులు తక్కువ. మా ఆవిడ మైక్రోబయాలజీ చదివింది. మూడేళ్లు ఇంట్లో కూర్చుని చివరికి డేటా వైపు మారింది. ఆ మూడేళ్ల గురించి మా ఇంట్లో ఇప్పటికీ జాగ్రత్తగానే మాట్లాడుకుంటాం. ఆఫర్‌కు సరే అనే ముందు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సింది జీతం గురించి కాదు, దీని గురించి.

ఉండిపోయినవాళ్లు ఎందుకు ఉండిపోతారంటే, ఇంటికీ ఆఫీసుకీ పావుగంట. పిల్లల స్కూళ్లు బాగుంటాయి. సాయంత్రం ఐదున్నరకే ఇంట్లో ఉంటాం. క్రిస్టల్ బ్రిడ్జెస్ లాంటి ఆర్ట్ మ్యూజియం టికెట్ లేకుండా చూడొచ్చు. ఈ ప్రాంతం 2020 చివర్లో బయటి నుంచి రిమోట్‌గా పనిచేసేవాళ్లను రప్పించడానికి 10,000 డాలర్లు, ఒక సైకిలూ ఇస్తామని ప్రకటించింది. మనకు ఆ సైకిల్ ఎవరూ ఇవ్వలేదనుకోండి, అది వేరే సంగతి.

ఇల్లు

మొదటి ఏడాది కొనొద్దు. ఎవరెంత చెప్పినా సరే, కొనొద్దు. కనీసం ఐదారేళ్లు ఉంటామనే నమ్మకం కుదిరాక చూసుకోవచ్చు.

అద్దె విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. అద్దెకున్నవాళ్లకు అమెరికాలో అతి తక్కువ రక్షణ ఉన్న రాష్ట్రాల్లో ఇదొకటి. వేడినీళ్లు, కరెంటు, తాగునీరు, కారని పైకప్పు లాంటి కనీస ప్రమాణాలు కూడా 2021లో చేసిన చట్టంతోనే వచ్చాయి. అవి లేకపోయినా మీరు చేయగలిగేది ముఖ్యంగా లీజు రద్దు చేసుకుని డిపాజిట్ వెనక్కి తీసుకోవడమే. రిపేరు చేయలేదని అద్దె ఆపితే మీరే చిక్కుల్లో పడతారు. నా మొదటి అపార్ట్‌మెంట్‌లో జూలైలో ఏసీ పోతే పదకొండు రోజులు పట్టింది బాగు చేయడానికి. పాపకు అప్పుడు ఎనిమిది నెలలు. అందుకని సంతకానికి ముందే వెళ్లి ఏసీ, హీటర్, కుళాయిలు అన్నీ తిప్పి చూడండి, ఫొటోలు తీసుకోండి. లీజు మధ్యలో వెళ్లిపోవాల్సి వస్తే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఎంత కట్టాలి అన్న పేజీ రెండుసార్లు చదవండి. ఈ ఊళ్లో లీజు మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన పేజీ అదే.

కారు

వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఆర్కాన్సాలో కారుకు కూడా ఏటా ఆస్తిపన్ను ఉంటుంది. జనవరి నుంచి మే 31 లోపు కౌంటీ అసెసర్ (పన్ను కోసం ఆస్తుల విలువ కట్టే అధికారి) దగ్గర కారు వివరాలు నమోదు చేయించాలి. దీన్నే అందరూ 'అసెస్ చేయించడం' అంటారు. ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని. ఈ ఏడాది అసెస్ చేయించినదానికి బిల్లు వచ్చే ఏడాది వస్తుంది, అక్టోబర్ 15 లోపు కట్టాలి. గడువు దాటితే 10 శాతం అదనం. అసెస్‌మెంట్ లేకపోయినా, పన్ను బాకీ ఉన్నా నంబర్ ప్లేటు స్టిక్కర్ రెన్యూ కాదు. నేను మొదటి ఏడాది ఆ ఉత్తరాన్ని జంక్ మెయిల్ అనుకుని చించేశాను. తప్పు పూర్తిగా నాదే. రాష్ట్రం వదిలి వెళ్లినా పాత బిల్లు వెతుక్కుంటూ వస్తుంది, అది కట్టకుండా మర్చిపోకండి.

కొత్త కారు కొంటే సేల్స్ ట్యాక్స్ సాధారణంగా డీలర్ దగ్గర కాకుండా, రిజిస్ట్రేషన్‌కు రెవెన్యూ ఆఫీసుకు వెళ్లినప్పుడు ఒక్కసారిగా కట్టాలి. రాష్ట్రం వాటా 6.5 శాతం, కౌంటీ, సిటీ వాటాలు దానిపైన. 30,000 డాలర్ల కారుకు ఎంతవుతుందో ముందే లెక్కేసుకుని పక్కన పెట్టుకోండి.

వాన, గాలి, పురుగు

2024 మే 26 తెల్లవారుజామున రోజర్స్, బెంటన్‌విల్ మీదుగా టోర్నడో వెళ్లింది. ఫోన్ అరిచినప్పుడు నేను ఆపేసి పడుకోబోయాను, మా ఆవిడ లాక్కెళ్లింది. కిటికీ లేని బాత్రూంలో నలుగురం, మీద పరుపు. మా వీధికి ఏమీ కాలేదు, కానీ రోజుల తరబడి కరెంటు లేదు. ఫోన్‌కు వచ్చే టోర్నడో హెచ్చరికల్లో వాచ్ అంటే రావచ్చు అని, వార్నింగ్ అంటే వచ్చేసింది, దాక్కోండి అని. ఈ తేడా పిల్లలకు కూడా నేర్పండి. రాత్రిపూట ఫోన్‌లో ఎమర్జెన్సీ అలర్ట్‌లు ఆపొద్దు.

చలికాలం మంచు కంటే ఐస్ ప్రమాదం. రోడ్డు తడిగా ఉన్నట్టు కనిపిస్తుంది, అద్దంలా జారుతుంది. ఆ రోజు ఆఫీసుకు రాలేనని చెప్పేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

కొండల్లో నడకకు వెళితే పొడుగు ప్యాంటు వేసుకుని, అంచులు సాక్సుల్లోకి దోపుకోండి. ఇంటికొచ్చాక పిల్లల మెడ వెనక, చెవుల వెనక పిడుదుల కోసం వెతకండి. ఇక్కడి ఒక రకం పిడుదు కుడితే కొందరికి మాంసం అలర్జీ వస్తుంది. మటన్ బిర్యానీ తిన్న కొన్ని గంటలకు ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. జోక్ కాదు.

సరుకులు, మనుషులు

కూరగాయలు, పప్పులు, ఇడ్లీ పిండి ఊళ్లోనే దొరుకుతాయి. ప్రతి నెలా డల్లస్ పరుగెత్తే అలవాటు మొదట్లోనే మానుకోండి. మొదటి రెండేళ్లు ప్రతి లాంగ్ వీకెండూ అక్కడే గడిపాం, తీరా చూస్తే ఇక్కడ పక్కింటివాళ్ల పేరు కూడా తెలియలేదు. గోంగూర మాత్రం ఇంట్లోనే వేసుకోండి. ఏప్రిల్ చివర్లో చల్లితే ఇక్కడి ఎండకు నడుం ఎత్తు లేస్తుంది.

రాగానే ఫర్నిచర్ కొత్తది కొనకండి. ఏ తెలుగు వాట్సాప్ గ్రూపులో చూసినా 'మూవ్ అవుట్ సేల్' అని నెలకు నాలుగైనా ఉంటాయి. మా సోఫా అలా కొన్నదే. షార్లెట్ వెళ్లిపోతున్నవాళ్ల దగ్గర 80 డాలర్లకు తీసుకున్నాం, వాళ్లు దాన్ని ఆస్టిన్ వెళ్లినవాళ్ల దగ్గర కొన్నారట. కుడి చేతి మీద పసుపు మరక ఏ ఇంటిదో ఎవరికీ తెలియదు. ఇప్పుడు మా పాప కొత్త సోఫా కావాలని గొడవ చేస్తోంది. కాబట్టి మీరు ఆగస్టులోపు వస్తుంటే చెప్పండి, 40కే ఇచ్చేస్తాను. పికప్ మాత్రం మీదే.